తిన్నె గడిలో మూడు సున్నాలు

పోటు సగమే ఎక్కింది. ఇంకా గంట ఉంది. గంటసేపు ఈ మనిషి పక్కన ఈ గట్టు మీద ఆమె నిలబడాలి, నిలబడి నోరు మూసుకోవాలి, ఎందుకంటే లెక్క ముగిసేదాకా ఒకరి అంకె ఒకరు అడక్కూడదు, చెప్పకూడదు, ఒకరి కాగితంలోకి ఒకరు తొంగి చూడకూడదు, ఆ నియమం పెట్టింది కూడా ఈ మనిషే. అక్క మొగుడు. బావ. బళ్ళో పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన డ్రాయింగు మాస్టారు. ముప్పై ఏళ్ళుగా శీతాకాలం వస్తే చాలు ఈ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పిట్టల్ని లెక్కపెట్టి తీర శాఖకి కాగితం పంపే పెద్దమనిషి. ఆ కాగితాల్లో చివరి మూడూ ఆమె సంచిలో ఉన్నాయి, జిరాక్సులు, మడతల దగ్గర చిరిగేంతగా చదివినవి. మూడు శీతాకాలాలు, నీళ్ళ మధ్య ఇసుక దిబ్బకి పెట్టిన ‘తిన్నె’ అన్న గడిలో మూడు సున్నాలు. మిగతా గళ్ళలో ఏవో అంకెలున్నాయి, గట్టుకి దగ్గరి బురదలో ఇన్ని, రేవు దగ్గర ఇన్ని అని. తిన్నె దగ్గరికి వచ్చేసరికి సున్నా. ఒక సున్నా గడి దాటి బయటికి కూడా వచ్చింది, అంత తొందర, అంత అశ్రద్ధ, గీత దాటి రంగు వేస్తే పిల్లల చెవి మెలిపెట్టిన మాస్టారికి.

ఎంత పుచ్చుకున్నావు అని అడగాలనిపించింది ఆ జిరాక్సులు చేతికొచ్చిన రోజు. పుచ్చుకునే మనిషి కాదని తెలుసు, అదే ఇంకా మండించింది. పుచ్చుకుని రాస్తే అదో రకం దొంగతనం, అర్థమవుతుంది. ఏమీ పుచ్చుకోకుండా, ఎవరూ అడక్కుండా, ఇంట్లో కుర్చీలో కూర్చుని, గట్టు మీదికి రావడానికి బద్ధకించి సున్నా చుట్టేయడం ఏ రకం? ఆ సున్నాలు చూపించే తీర శాఖ తిన్నె తవ్వడానికి అనుమతి ఇచ్చింది. పెద్ద పడవలకి దారి కావాలిట, దారికి ఇసుక తిన్నె అడ్డంట, తిన్నె మీద పిట్టలు వాలడం మానేశాయని మీ బావగారి లెక్కే చెబుతోంది కదమ్మా. మీ బావగారు. ఆ మాట అన్నప్పుడు ఆ శాఖ ఇన్‌స్పెక్టరు నవ్వాడు కూడా. ఆమె అభ్యంతరం మీద అభ్యంతరం రాసి వాళ్ళ బుర్ర తినగా తినగా చివరికి ఒక మాటకి దిగివచ్చారు. ఒక్కసారి ఉమ్మడి లెక్క. పాత లెక్కదారు ఒకరు, అభ్యంతరం పెట్టినవాళ్ళు ఒకరు, ఒకే పోటు, ఒకే గట్టు, రెండు అంకెలు, కింద రెండు సంతకాలు. రెండంకెలూ వెయ్యి దాటితే తవ్వకం ఆగుతుంది. ఒక్కటి దాటకపోయినా ఎల్లుండి యంత్రం దిగుతుంది. యంత్రం అప్పుడే వచ్చేసింది కూడా, అదుగో రేవు దగ్గర, పసుపు రంగు చెయ్యి ఎత్తి పెట్టుకుని, ముందే తీర్పు తెలిసినదానిలా. ఇన్‌స్పెక్టరు జీపులో అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాడు, ఫోను చూసుకుంటూ. చలి ఆయనకి కాదు, పిట్టలకీ పిచ్చివాళ్ళకీ.

బావ మూడుకాళ్ళ మీద దుర్భిణి నిలబెట్టుకుని తిన్నె వైపు తిప్పి పెట్టాడు. పెట్టి అలాగే వదిలేశాడు. కంటికి ఆనించడు, సర్దడు. టోపీ కనుబొమల దాకా లాక్కుని, చేతులు జేబుల్లో పెట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ఎవరో పాట పాడుతుంటే వింటున్నట్టు నిలబడ్డాడు. పొద్దున బండి దగ్గర ఆమె నిలబడి ఉంటే ఆమె మీదినుంచి చూపు దాటించి అవతల గోడని చూశాడు. “మీరు ఎక్కుతారా” అని ఆమె అన్నాకే “నువ్వేనా” అన్నాడు, ఇంకెవరు వస్తారనుకున్నాడో. మీరు. పదకొండేళ్ళప్పటినుంచి నువ్వు అన్న నోటితో కావాలని అంది మీరు అని, దారంతా అంది, మీరు పట్టుకోండి, మీరు దిగండి, ఒక్కో మీరునీ రాయి విసిరినట్టు విసిరింది. తగిలిందో లేదో తెలియలేదు. దిగుతూనే నీళ్ళగుంటలో చీలమండ దాకా కాలు వేశాడు, అడుగు దూరంలో పొడి నేల ఉండగా, వేసి ఏమీ జరగనట్టు నడిచాడు. కళ్ళు నెత్తికెక్కాయి ఈయనకి అనుకుంది. కింద ఏముందో చూడాల్సిన అవసరం లేదు మరి, పిట్ట ఉందో లేదో కూడా ఇంట్లోంచే తెలిసిపోతుంది కదా.

రాత్రి అక్క ఫోను చేసింది. “ఆయన్ని ఏమీ అనకే. నీ బండి మీదే తీసుకెళ్ళి, నీ బండి మీదే తీసుకురా, ఒంటరిగా పంపకు” అంది. ఎప్పుడూ అంతే అక్క, పెళ్ళైన రోజు నుంచీ ఆయన వకీలు. “ఆయన చిన్నపిల్లాడా?” అంటే “నీకు తెలీదులే” అని పెట్టేసింది. తెలీదు. నిజమే, మూడేళ్ళు పొరుగూరి ల్యాబుకి బదిలీ చేసి పడేస్తే ఇక్కడ ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది, వెళ్ళేటప్పుడు కూడా ఆమె దిగులు పెట్టుకున్నది అక్క గురించి కాదు, ఈ తిన్నె గురించి. బావ ఉన్నాడులే అనుకుంది. ఆ ధైర్యంతోనే వెళ్ళింది. ఆ మూడేళ్ళూ శీతాకాలంలో ఒక్క ఆదివారమైనా బస్సెక్కి రావచ్చు కదా, రాలేదు, నెల తిరిగితే బావ ఫోనులో “ఫరవాలేదు, బాగానే ఉన్నాయి” అంటే నమ్మి నిద్రపోయింది. బాగానే ఉన్నాయని నోటితో, సున్నా అని చేత్తో. తిరిగొచ్చిన వారానికి రేవులో వలలు బాగుచేసే ముసలాయన్ని అడిగింది, పిట్టలు రావడం మానేశాయిట కదా అని. ఆయన సూది ఆపకుండానే “రావడం మానేశాయా? మరి మా వలల మీద రెట్టలు ఎవరు వేశారమ్మా, మీ ఆఫీసర్లా?” అన్నాడు. నవ్వింది అప్పుడు. ఇంటికెళ్ళి జిరాక్సులు పరుచుకుని కూర్చున్నాక ఆ నవ్వు నిలవలేదు.

ల్యాబులో ఆమె పని కూడా లెక్కే. గాజు పలక మీద నెత్తుటి చుక్క, కింద లెన్సు, తెల్లకణాలు ఎన్ని, వాటిలో ఏ రకం ఎన్ని, చేతిలో టిక్కు టిక్కుమనే లెక్క మీట. ఆ మీట బావ కొనిచ్చిందే మొదట, ఆమె ఏడో తరగతిలో ఉండగా. ఒక్కో పిట్టకీ కాదు, అన్నాడు, పదింటికి ఒక నొక్కు, ముందు కంటితో పది అంటే ఎంత మేరో పట్టుకో, తర్వాత ఆ మేరని గుంపు మీద పరుచుకుంటూ పో, ఎడమనుంచి కుడికి, వెనక్కి రాకు. ఇరవై ఆరేళ్ళయింది, ఇప్పటికీ ఆ పదే ఆమెకి అన్నం పెడుతోంది. నెత్తురు గడ్డకట్టిన సీసా వస్తే ల్యాబులో తెల్లకణాలు సున్నా అని రాస్తారా ఎవరైనా? రాస్తే ఆ మనిషి చచ్చాడని అర్థం. నమూనా పనికిరాదు, మళ్ళీ తీయండి అని రాస్తారు. నిన్నగాక మొన్న చేరిన పిల్లకి కూడా తెలిసిన సంగతి. ఆ సంగతి ఆమెకి నేర్పింది ఎవరు? ఇదే గట్టు. ఇదే మనిషి. అప్పుడు పన్నెండేళ్ళు. ఆ రోజు పొగమంచు, తిన్నె కాదు కదా కాళ్ళ ముందు నీళ్ళు కూడా కనపడలేదు, రెండు గంటలు వణికి ఇంటికెళ్ళేముందు కాగితం నింపమంటే తిన్నె గడిలో సున్నా వేసింది. బావ ఆ కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. అరవలేదు. “మంచులో పిట్టలు లేవని నీకెవరు చెప్పారు? నీకు కనపడలేదు, అంతే. నీకు కనపడకపోవడం పిట్ట తప్పు కాదు” అన్నాడు. సున్నా అంటే చూశాను, లేవు. గీత అంటే చూడలేకపోయాను. సున్నా పిట్టల గురించి, గీత మన గురించి. గీత పెట్టడానికి సిగ్గుపడేవాళ్ళు ఈ పనికి రాకూడదు. కొత్త కాగితంలో గీత పెట్టించి, ఏడుస్తున్న ఆమె ముక్కు తన తువ్వాలుతో తుడిచాడు.

అంత తెలిసిన మనిషి. తెలియని వాడు వేసిన సున్నా అయితే క్షమించేది. రానివాడు, రాలేనివాడు, కాలు విరిగినవాడు, ఎవరైనా సరే, పెట్టవయ్యా ఒక గీత, ఈ ఏడు నా వల్ల కాలేదు అను, ఎవరు కాదన్నారు. మూడు గీతలు ఉంటే తీర శాఖవాళ్ళు ఛస్తే తవ్వకం కాగితం ముందుకి కదపలేరు. చిన్న గీత. పెన్ను ఆనించి కొంచెం పక్కకి లాగితే చాలు. దానికి బదులు మణికట్టు తిప్పి గుండ్రంగా చుట్టాడు, ఆ చుట్టులో రెండువేల పిట్టల్ని ముంచాడు.

“గుమాస్తాలు దిగుతున్నాయి” అన్నాడు బావ.

ఎక్కడ? ఆమె తన దుర్భిణి తిప్పింది, బురద అంచున ఏమీ లేదు, ఉంది, ఇప్పుడు వచ్చాయి, మూడు, పది, పరిగెత్తి ఆగి వంగి, పరిగెత్తి ఆగి వంగి, ఏదో మరిచిపోయిన గుమాస్తాలు ఫైళ్ళ గదిలో తిరిగినట్టు. పేరు బావ పెట్టిందే. పొడుగు ముక్కు బురదలోకి దించి దించి కుట్టేవి కుట్టుమిషన్లు. వంపు ముక్కువి కొడవళ్ళు. నీళ్ళ మీద తిరిగేవి కత్తెరతోకలు. పుస్తకాల్లో పేర్లు తర్వాత నేర్చుకుంది, రిపోర్టుల్లో అవే రాస్తుంది, కానీ గట్టు మీదికి వచ్చేసరికి నాలిక మీదికి వచ్చేవి ఇవే, ఇవాళ మాత్రం రాకూడదనుకుంది. కళ్ళు ఆనించకుండానే చెప్పేశాడు చూడు, అంత విద్య. అంత విద్య ఉన్నవాడు. విద్య లేని వెధవ చేసి ఉంటే వాడి ఖర్మ అనుకుని ఊరుకునేది, ఇలా పళ్ళు కొరుక్కుంటూ నిలబడేది కాదు. టీ పోసి కప్పు ఆయన ముందు పెట్టింది, మర్యాద కోసం. చెయ్యి చాపి గాలిలో కాసేపు ఉంచాడు, ఆమే తెచ్చి వేళ్ళకి తగిలించాలన్నట్టు. తగిలించింది, కొంచెం గట్టిగానే. వేడి టీ చేతి మీద ఒలికింది. రెండో చేత్తో తుడుచుకున్నాడు.

నీళ్ళు పెరుగుతున్నాయి. బురద తగ్గుతోంది, ముందు నాలికలు నాలికలుగా, తర్వాత ఒక్కసారిగా. పోటులో అందం అదే, పిట్టలకి ఇంకెక్కడా కాలు ఆనదు, నది లోపల మైళ్ళ పొడుగునా చెదిరి తిన్నవన్నీ లేచి ఈ ఒక్క తిన్నె మీదికే రావాలి, అరగంటసేపు ఒకే చోట, ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకునేలా. ఆ తిన్నె తవ్వేస్తే ఎక్కడ వాలతాయి? గాలిలో ఎంతసేపు తిరుగుతాయి? అది ఎవరికీ పట్టదు. మేము మనుషులకి దారి వేస్తున్నామమ్మా అంటారు, ఆమె మనిషి కానట్టు. వచ్చాయి. ముందు సన్నవి, ఎవరో దుప్పటి దులిపినట్టు తెల్లగా తిరిగి, నల్లగా తిరిగి, మళ్ళీ తెల్లగా. వాటి వెనక కుట్టుమిషన్లు. కొడవళ్ళు అరుస్తూ. తిన్నె రంగు మారిపోయింది. ఆమె మీట పట్టుకుంది. కోపం ఎక్కడికి పోయిందో ఆ కాసేపు, టిక్కు, టిక్కు, పది, పది, ఎడమనుంచి కుడికి, వెనక్కి రాకు. సీగల్స్ గుంపు తీసేయ్, అవి వేరే గడి. టిక్కు. కుడి అంచు. నీళ్ళు. అయిపోయింది. రెండు వందల ముప్పై ఒక్క నొక్కులు. రెండువేల మూడువందల పది. కాగితం మోకాలి మీద పెట్టుకుని అంకె వేసింది. వెయ్యి కాదు, రెండువేలు దాటింది. ఇప్పుడు చూస్తాను, అనుకుంది, ఇప్పుడు ఎలా చుట్టగలవో చుట్టు సున్నా, నా పక్కన నిలబడి.

“ఎంత?” అన్నాడు బావ.

ఆమెకి అర్థం కాలేదు.

“నీకెంత వచ్చింది?”

“అడక్కూడదు కదా. మీరే పెట్టారు.”

“చెప్పమ్మా. నాది ఓ నలభై తగ్గించి వేస్తాను. సరిపోతుంది.”

నలభై. ఆమె బదిలీకి ముందు శీతాకాలం ఇద్దరూ కలిసి ఏడుసార్లు లెక్కపెట్టారు. ఏడుసార్లూ ఆయన అంకె ఆమె అంకెకి ముప్పై తక్కువో, నలభై తక్కువో, ఎప్పుడైనా ఇరవై ఎక్కువో. ఎంత దగ్గరగా వచ్చాయో చూడు బావా అని మురిసిపోయింది ఆమె. ఎప్పుడు చెప్పింది తన అంకె? ప్రతిసారీ తనే ముందు చెప్పేది, గొప్ప కోసం, వాగుడుకాయ కాబట్టి. ఆయన కాగితంలోకి తొంగి చూసింది. ఖాళీ. ఆయన్ని పక్కకి తోసి దుర్భిణిలో కన్ను పెట్టింది. నీళ్ళు. తిన్నె ఇక్కడ లేదు, బారెడు ఎడమకి ఉంది. గంటనుంచీ ఈ దుర్భిణి ఉత్త నీళ్ళని చూస్తోంది.

“ఎప్పటినుంచి?”

“నువ్వెళ్ళే ముందు ఏడు మొదలైంది. దగ్గరి పిట్టల్ని చెవితో లెక్కపెట్టాను, తిన్నె చెవికి అందదు. నడిమధ్యలో ఉన్నది కనపడదు. అంచులు తెలుస్తాయి. నీ ముఖం లేదు, నీ చెప్పులున్నాయి.”

“అయితే గీత పెట్టాలి.” గొంతు లేచిపోయింది, జీపు అద్దం అవతల ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. “గీత పెట్టాలి నువ్వు. నాకు నేర్పి, నా కాగితం చింపి, నువ్వు…”

“మూడు గీతలు పెడితే ఎందుకని అడుగుతారు. సున్నాని ఎవరూ అడగరు. నువ్వుంటే అడిగేదానివి.”

అదీ. తప్పు మళ్ళీ ఆమె ఒళ్ళో పెట్టాడు. జాలి వచ్చింది ఆమెకి, ఆ జాలి మీద కూడా కోపం వచ్చింది, ఎవడికి కావాలి ఇప్పుడు జాలి, అక్కకి తెలుసు, నాలుగేళ్ళూ తెలుసు, అందరూ కలిసి ఆమెకి మాత్రం చెప్పలేదు, పిట్టలకి చెప్పలేదు. గుడ్డివాడినని ఒప్పుకోవడానికి సిగ్గుపడి మొగ మొత్తం ఖాళీ చేశాడు. పైగా ఇప్పుడు ఎంత సులువుగా అన్నాడు, నలభై తగ్గించి వేస్తానని. వేస్తే అయిపోతుంది. రెండువేల రెండువందల డెబ్బై, సంతకం, తిన్నె నిలుస్తుంది, యంత్రం చెయ్యి దించుకుని వెళ్ళిపోతుంది, అక్క సంతోషిస్తుంది, మాస్టారి పేరు మాస్టారికి ఉంటుంది. ఒక్క మాట ఆమె నోట్లోంచి రావాలి, అంకె. చెప్పకపోతే ఉమ్మడి లెక్క పోయినట్టే. నిజం చెబితే మూడు సున్నాలతో పాటు ముప్పై ఏళ్ళ కాగితాలూ తిరగతోడతారు, ఆ ముప్పైలో ఇరవైకి పైగా ఆమె చలిలో నిలబడినవి కూడా ఉన్నాయి. చెప్పెయ్, అంది లోపల ఎవరో, పిట్టల కోసం. కానీ ఆ నలభై తగ్గిన అంకె ఎక్కడినుంచి పుడుతుంది? సున్నాలు పుట్టిన చోటినుంచే. వచ్చే శీతాకాలం మళ్ళీ ఈయనే వస్తాడు, మళ్ళీ ఎంత అని అడుగుతాడు, ఆమె లేని ఏడు మళ్ళీ చుడతాడు.

ఇన్‌స్పెక్టరు మఫ్లరు చుట్టుకుంటూ అట్ట, కాగితం పట్టుకుని వచ్చాడు. “అయిందా మాస్టారూ? అంకెలు చెప్పండి.”

ఆమె బావ వైపు చూసింది. నువ్వు చెప్పు. నీ అంతట నువ్వు చెప్పు, ఇంకేమీ అడగను. బావ టోపీ సర్దుకున్నాడు.

“నాది రెండువేల మూడువందల పది,” అంది ఆమె. “ఆయనకి అంకె లేదు. మా బావకి కళ్ళు కనపడవు. నాలుగేళ్ళనుంచి.”

ఇన్‌స్పెక్టరు, మొదటిసారి నవ్వకుండా, “అయితే ఉమ్మడి లెక్క చెల్లదమ్మా,” అన్నాడు. “ఆ మూడు సున్నాలూ కూడా చెల్లవనుకోండి. అవి కొట్టేస్తే అనుమతికి కాళ్ళుండవు, మళ్ళీ మొదటికి వస్తుంది. కానీ సంగతేమిటో రాసి ఆయన సంతకం పెట్టాలి. పాతవి కూడా బయటికి లాగుతారు మాస్టారూ. ఆలోచించుకోండి.”

“రాయి,” అన్నాడు బావ ఆమెతో.

అట్ట అందుకుంది. ఆఫీసుల్లో రాసే భాషే చేతికొచ్చింది. రాసి, చదివింది. “చూపు లేనందువల్ల మూడు శీతాకాలాలు తిన్నె గడిలో సున్నా వేయడమైనది.”

“వేయడమైనది ఏమిటి, దానంతటది పడిందా? వేశాను అని రాయి.”

కొట్టేసి రాసింది.

“లేనందువల్ల కూడా కాదు. చూపు లేనివాడు గీత పెడతాడు.” ఆయన ముఖం ఆమె వైపు లేదు, తిన్నె వైపూ లేదు. “కనపడటం లేదని తెలిసీ సున్నా వేశాను. అలా రాయి.”

రాసింది. పెన్ను కాగితాన్ని చించేంత గట్టిగా రాసింది. ఇన్నాళ్ళూ ఆయన నోటినుంచి వినాలనుకున్నది ఇదే, విన్నాక చేతిలో ఏమీ మిగల్లేదు, కోపం కూడా చల్లారలేదు. తుడుచుకోకుండా ముక్కు ఎగబీల్చి అట్ట ఆయన చేతికి ఇవ్వబోయింది.

“తెలిసీకి దీర్ఘం పెట్టావా?” అన్నాడు బావ.

ఆమె కాగితం చూసింది. పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది.